అమెరికా ఆట, లాలాగూడ మట్టి

సినిమాలో ఆట అంతా అబద్ధం అనేవాళ్లతో నా గొడవ పాతదే. క్రికెట్ సినిమా చూసొచ్చి "బంతి ఎక్కడైనా అంత మెల్లగా వస్తుందా" అని నవ్వే మేధావి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో మా ఆయనే. ఆయనకు నేను ఎప్పుడూ ఒకటే జవాబు చెబుతాను. తెర మీద పెళ్లి అబద్ధం, ఏడుపు అబద్ధం, చావు అబద్ధం. వాటన్నిటికీ కండువాతో కళ్లు ఒత్తుకుంటారు. బంతి దగ్గరికొచ్చేసరికి మాత్రం మీకు సత్యం కావాలి.

ఇరవై రెండేళ్లు నేను చేసిన పని సినిమాల్లో, టీవీ సీరియళ్లలో ఆటలు ఆడించడం. దయ తలచి పేరు వేసినప్పుడు "స్పోర్ట్స్ కోఆర్డినేటర్" అని వేశారు. సెట్ మీద మాత్రం "ఆటల మేడమ్"నే. హీరోకి బ్యాటు పట్టడం నేర్పాలి. హీరోయిన్‌కి పరుగెత్తడం నేర్పాలి. వాళ్ల చుట్టూ నిజంగా ఆట వచ్చిన పిల్లల్ని పోగుచేసి నిలబెట్టాలి. సాయంత్రానికి ఎవరి ఎముకా విరగకుండా అందర్నీ ఇంటికి పంపాలి. ఈ చివరి సంగతి మీకు ఎవరూ చెప్పరు. అసలు పని అదే.

నిరుడు మానేశాను. యాభై రెండుకే ఎందుకు మానేశావని అడిగేవాళ్లకు కారణం ఈ రాతలోనే దొరుకుతుంది. వ్యాయామ కళాశాలల్లో చదివే అమ్మాయిలు కొందరు "మేమూ ఈ లైన్లోకి వస్తాం మేడమ్, ఏం నేర్చుకోవాలి" అని అడుగుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఎవరి వెనక తిరిగితే పని దొరుకుతుందో మాత్రం ఇందులో లేదు. అది నాకూ చివరిదాకా తెలియలేదు.

చీపురు

నేను పుట్టి పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి నేను మోకాళ్ల నిండా మట్టితో గుమ్మంలో ఉండేదాన్ని. రాష్ట్రం జట్టు దాకా కబడ్డీ ఆడాను. డిగ్రీ తర్వాత బీపీఈడీ చేసి సీతాఫల్‌మండిలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరాను. ఈలలు ఊదుకుంటూ అక్కడే రిటైర్ అయ్యేదాన్నే. ఒక వేసవి సెలవుల్లో ఆ స్కూలు గ్రౌండు షూటింగుకిచ్చారు.

హీరో హాకీ ఆటగాడట. పొద్దున్నించి చూస్తున్నాను. కర్రను రెండు చేతులతో ఒకే చోట పట్టుకుని అటూ ఇటూ తోస్తున్నాడు. చుట్టూ యాభై మంది ఉన్నారు, ఒక్కరికీ నోరు లేదు. నాకు నోరు తప్ప ఏమీ లేదు.

"ఏందయ్యా, వాకిలి ఊడుస్తున్నవా?" అన్నాను.

హీరో నల్లకళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. అప్పుడొక ముసలాయన కుర్చీలోంచి పగలబడి నవ్వాడు. ఆయన ఖాదర్ మాస్టర్, ఆ సినిమాకి ఫైట్ మాస్టర్.

"ఇటు రా బేటీ. నువ్వు పట్టి సూపెట్టు," అన్నాడు.

చూపెట్టాను. సాయంత్రానికి హీరో కర్ర పట్టుకున్నాడు. ఆట రాలేదు గాని కర్ర మాత్రం వచ్చింది. తర్వాత తెలిసింది, మనకు అంతే చాలు. ఆట రావడం వేరు, ఆట వచ్చినట్టు కనపడటం వేరు. మొదటిదానికి పదేళ్లు పడుతుంది, రెండోదానికి పది రోజులు. ఆ పది రోజులూ మణికట్టు, భుజం, చూపు, ఈ మూడింటి మీదే పెట్టండి. బంతి ఎటు పోయినా పరవాలేదు, దాని సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది. చూపు తప్పు దిక్కుకు పోతే ఏ కంప్యూటరూ దాన్ని వెనక్కి తేలేదు.

పడటం

ఖాదర్ మాస్టర్ దగ్గర ఆరేళ్లు ఉన్నాను. ఆయన పొగడగా ఒక్కసారి కూడా వినలేదు. బూతులు మాత్రం నాలుగు భాషల్లో విన్నాను. అయినా నాకు దొరికిన పెద్దల్లో ఆయనే పెద్ద.

కొత్తగా ఎవరొచ్చినా ఆయన మొదటి వారం ఒకటే నేర్పేవాడు, పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, చెయ్యి నేలకు ఆనించకూడదు, ఊపిరి వదిలేయాలి. నాకు రోషమొచ్చింది.

"నేను కబడ్డీ ఆడిన మాస్టర్. పడుడు నాకు నేర్పుతరా?"

"నువ్వు గెలిచేటందుకు పడ్డవ్. గిప్పుడు సాయంత్రం ఇంటికి పోయేటందుకు పడాలె. ఫరక్ లేదా?"

ఫరక్ ఉంది. మైదానంలో పడ్డవాడికి పాయింటు వస్తుంది. సెట్‌లో పడ్డవాడికి "ఇంకొక్కటి" వస్తుంది.

ఆ మాట గురించి ఇక్కడే చెప్పేస్తాను, నా పెద్ద తప్పు కాబట్టి. ఒక కబడ్డీ సినిమాకు శంకర్ అనే పిల్లవాణ్ణి నేనే తీసుకెళ్లాను. నేరేడ్‌మెట్ కుర్రాడు, జిల్లా జట్టులో మంచి రైడర్. పట్టు షాట్ ఆరుసార్లు బాగానే వచ్చింది. దర్శకుడు తృప్తిపడ్డాడు. నేనే పడలేదు. "ఇంకొక్కటి చేద్దాం, కాలు ఇంకా గట్టిగా లాగాలె" అన్నాను. ఏడోసారి వాడి మడమ తిరిగిపోయింది. వాడు మళ్లీ ఆ జట్టుకు ఆడలేదు. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతాడు, పెళ్లయింది, బాగానే ఉన్నాడు. ఎక్కడ కనపడినా బండి ఆపి, దిగి, కుంటుతూ నాలుగడుగులు వచ్చి నమస్తే పెడతాడు. ఒక్కసారన్నా తిడితే బాగుండు.

సినిమాలో ఆ ఏడో షాట్ వాడలేదు. రెండోది వాడారు.

మూడు వారాల పరుగు

అన్నీ ఏడుపు సంగతులే కాదు. ఒక సీరియల్‌లో కోడలు పరుగు పందెంలో పాల్గొంటుంది. నాలుగు వందల మీటర్లు. మామూలు అమ్మాయి కూడా ఒకటిన్నర నిమిషంలో పూర్తిచేస్తుంది. మా కోడలికి మూడు వారాలు పట్టింది. మొదటి మలుపులో అత్తగారు గుర్తొస్తారు, రెండో మలుపులో మొగుడు. మూడో మలుపులో ఆమె ఏడవాలన్నారు.

నేను ఒప్పుకోలేదు. "మూడో మలుపుల ఊపిరే ఉండదు, ఏడుపు యాడికెళ్లి వస్తది?" అని అరగంట వాదించాను. నా పోరు పడలేక ఏడుపు తీసేశారు. అమ్మాయి పళ్లు బిగించి, నేను నేర్పినట్టే, అసలైన రన్నర్‌లా పరుగెత్తింది. నాకెంత గర్వమో.

ఇంటికొచ్చాక మా అమ్మ, "గా పిల్లకేమన్న కడుపునొప్పా? మొఖం గట్ల పెట్టింది?" అంది.

అప్పుడు అర్థమైంది. మా అమ్మ ఆట చూడటం లేదు, పిల్లను చూస్తోంది. ఆట నిజంగా ఉంటే సరిపోదు, ఆ పిల్లకు ఏం పోతుందో చూసేవాళ్లకు తెలియాలి. అందుకే ఎవరైనా ఆట సినిమా కథ చెప్పడానికి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న "ఓడిపోతే ఏమవుతుంది?" అని. చాలామంది దగ్గర "గెలుస్తుంది కదా మేడమ్" తప్ప వేరే జవాబు ఉండదు.

కోడిగుడ్డు బంతి

నా చివరి సినిమా సంగతి కొంచెం పొడుగ్గా చెబుతాను.

చైతన్య అని ముప్పై ఏళ్ల దర్శకుడు. వాళ్ల వాళ్లు భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ మందుల వ్యాపారంలో స్థిరపడ్డారు. మర్యాదగా మాట్లాడతాడు, అనుకున్నది మాత్రం వదలడు. ఫోన్ చేసి, "మేడమ్, మీకు అమెరికన్ ఫుట్‌బాల్ తెలుసాండీ?" అన్నాడు.

"తెలుసు," అన్నాను. తెలియదు. ఈ లైన్లో ముందు తెలుసనాలి, తర్వాత తెలుసుకోవాలి. తెలుసని ఊరుకున్నవాళ్లే మునుగుతారు.

పది రోజులు ఇంట్లో కూర్చుని వీడియోలు చూశాను. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పేరు ఫుట్‌బాల్ గాని కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరుగెత్తేది ఎక్కువ. నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు పోవాలి, ఎదుటివాళ్లు మీదపడి ఆపాలి. ఆ ఆపడాన్ని ట్యాకిల్ అంటారు. పక్కన కూర్చుని చూసిన మా ఆయన, "ఇదేం ఆట? జాగా కోసం కొట్లాట కదా," అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయనతో ఏకీభవించాను. జాగా కోసం కొట్లాట మన ఊళ్లో ఎవరికైనా నేర్పాలా?

కథలో మన అమ్మాయి ఒకతె అక్కడి కాలేజీలో చదువుతూ ఆడపిల్లల జట్టులో చేరుతుంది. అమెరికా వెళ్లి తీసే స్తోమత లేదు. లాలాగూడలో ఒక గ్రౌండు మాట్లాడి, చుట్టూ పచ్చగుడ్డలు కట్టారు. ఆ గుడ్డల మీద తర్వాత కంప్యూటర్‌లో అమెరికా వేస్తారు. ఆడటానికి ఇరవై రెండు మంది అమెరికా అమ్మాయిలు కావాలి.

ఇక్కడే నాకు ఆ ఆట మీద ప్రేమ పుట్టింది. క్రికెట్‌లో మొహాలు కనపడతాయి, టెన్నిస్‌లో కాళ్లు కనపడతాయి. ఇందులో తలకు హెల్మెట్, మొహానికి ఇనుప జాలి, భుజాలకు దిళ్లలాంటి ప్యాడ్లు. హెల్మెట్ పెట్టాక సీతాఫల్‌మండికి, షికాగోకి తేడా లేదు. ఒకరిని పట్టి కింద పడేయడం ఎవరికి వచ్చు? మా కబడ్డీ పిల్లలకు. ఫోన్లు చేశాను, రెండు రోజుల్లో ఇరవై రెండు మంది వచ్చారు.

వాళ్లలో స్రవంతి హీరోయిన్‌కు డూప్. అదే ఎత్తు, అదే సన్నదనం. వాళ్లమ్మ అంజమ్మ నేను పనిచేసిన స్కూల్లో ఆయమ్మ. స్రవంతికి ఇరవై ఐదు నిండబోతోంది. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి కబడ్డీ ట్రయల్స్ ఉన్నాయి, వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. మూడేళ్లుగా వెళ్తోంది, మూడుసార్లూ లిస్టులో పేరు లేకుండా తిరిగొచ్చింది.

షూటింగు ముందు రోజు అంజమ్మ మా ఇంటికొచ్చింది.

"మేడమ్, పై సోమవారం కాక ఆ పై సోమవారం పిల్లకు ట్రయల్స్. జెర సూడు. కాలో చెయ్యో ఇరిగిందంటే ఇంక అయిపాయె."

"నేనున్న కదా అంజమ్మా. దాన్ని ఒక్కరు సుత పడగొట్టరు."

"మాటనా?"

"మాట."

మాట నిలబెట్టుకునే దారి నా దగ్గరుంది. స్రవంతి బంతితో పరుగెత్తుతుంది, వెనక నుంచి భారతి దూకుతుంది. భారతి గుండు విసిరే పిల్ల, చూడగానే పక్కకు జరగాలనిపిస్తుంది. అక్కడ కట్. తర్వాత పచ్చగుడ్డ కప్పిన పరుపు మీద ఇద్దరూ మెల్లగా ఒరుగుతారు. రెండు ముక్కలూ కలిపితే ట్యాకిల్. రెండు రోజుల్లో అంతా అయిపోయింది. ఎవరికీ గీత పడలేదు. స్రవంతిని నేనే బండి మీద ఇంటి దగ్గర దింపి, "ఇగో అంజమ్మా, నీ బిడ్డ. లెక్క సూస్కో, అన్ని బొక్కలు ఉన్నయా, ఒక్కటన్న ఇరిగిందా?" అన్నాను.

నాకు కనపడనిది

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం చైతన్య ఎడిటింగ్ రూముకి పిలిచాడు. రెండు జట్లూ గ్రౌండులోకి వచ్చే సీను వేశాడు. ఇరవై రెండు మంది, హెల్మెట్లు, స్లో మోషన్. ఒళ్లు పులకరించింది.

"బాగుంది," అన్నాను.

"మళ్లీ చూడండి మేడమ్."

చూశాను. "బాగుందయ్యా."

"ఏమీ కనపడట్లేదాండీ?"

మూడోసారి వేశాడు. ఎడిటింగ్ చేసే అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకు ఏ ఆటా గిట్టదు, అందుకే పట్టుకోగలిగింది.

"మేడమ్," అన్నాడు చైతన్య, "అమెరికా అమ్మాయిలు ఇరవై రెండు మందీ గీత దగ్గర వంగి, మట్టి ముట్టుకుని, కళ్లకద్దుకుంటున్నారండి."

అప్పుడు కనపడింది. ఒకరి తర్వాత ఒకరు, ఇనుప జాలి మీద చేతులు పెట్టుకుని మరీ మొక్కుతున్నారు. మా దగ్గర గీత దాటి లోపలికి పోయే ముందు మట్టికి మొక్కకుండా పోయేవాళ్లుండరు. ఎవరూ నేర్పరు, ఎవరూ మర్చిపోరు. నేను రెండు రోజులు కెమెరా పక్కనే నిలబడి చూశాను. చూసిన ప్రతిసారీ నా చెయ్యి కూడా వంగే ఉంటుంది. కెమెరా పట్టుకున్నవాడు వరంగల్ వాడు, అసిస్టెంట్లు ఇక్కడివాళ్లు. ఎవరికీ తేడాగా తోచలేదు. ఊపిరి పీల్చడం ఎవరికైనా కనపడుతుందా?

తప్పు నాదే. కానీ తప్పు నాదని అంత తేలిగ్గా ఒప్పుకుంటే అది నేనెలా అవుతాను?

"ఉండనియ్యి. మన పిల్ల వాళ్లకు నేర్పిందని రాసుకో," అన్నాను.

"సెకండ్ హాఫ్ అయితే మీ మాటే వినేవాణ్ణండి. ఇది ఆ పిల్ల మొదటి రోజు. ఇంకా ఎవరి పేరూ తెలీదు."

మళ్లీ తీయాలి. గ్రౌండు దొరికేది ఒక్క శనివారమే. సోమవారం స్రవంతి ట్రయల్స్. పైగా, ఎలాగూ మళ్లీ తీస్తున్నాం కదా అని చైతన్యకు కొత్త ఆలోచన పుట్టింది. గీత దాటడం దగ్గర్నుంచి ట్యాకిల్ దాకా కట్ లేకుండా ఒకే షాట్. కెమెరా చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అంటే పరుపు పెట్టడానికి లేదు.

శనివారం

పొద్దున్న సగం మొక్కకుండా చేయడంలోనే పోయింది. రిహార్సల్ చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు వంగుతారు.

"మీ చేతులు ఎనకకు కట్టేయాల్నా?" అని అరిచాను.

"మొక్కకపోతే కాళ్లు వణుకుతున్నయ్ మేడమ్," అంది ఒకతె.

వాళ్ల బాధ నాకు తెలియనిది కాదు. చివరికి అందర్నీ కెమెరా వెనక్కి తీసుకెళ్లాను. అక్కడ సున్నంతో ఒక గీత గీశాను. ఇరవై రెండు మందీ వరసగా వంగి, మొక్కి, అప్పుడొచ్చి అమెరికాలోకి అడుగుపెట్టారు. ఆ రిహార్సల్‌లో ఒక్కరు వంగలేదు.

ఇక అసలు షాట్, ట్యాకిల్‌తో సహా. స్రవంతి ప్యాడ్లు కట్టుకుని వచ్చింది. నేను చైతన్యను పక్కకు లాగాను.

"ఆ పిల్లతోని కాదు. ఎల్లుండి దానికి ట్రయల్స్ ఉన్నయ్, నీకు తెల్సు."

"ఆ అమ్మాయిని అడిగానండి. ఒప్పుకుంది."

స్రవంతి హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. "నేనే ఒప్పుకున్న మేడమ్."

"దిమాక్ ఉందా నీకు? సోమవారం ముంగట పెట్టుకొని?"

"తీస్కుంటరో లేదో తెల్వని సోమవారం కోసం దీన్ని ఇడిసిపెట్టాల్నా? మూడేండ్ల సంది లిస్టు సూసి ఒస్తున్న. ఇది సినిమా మేడమ్, ఎప్పటికి ఉంటది. గల్లీల అందరికి చెప్పిన."

"మొఖం కనపడదే పిచ్చిదానా. హెల్మెట్ ఉంటది."

"నాకు తెలుస్తది కదా!"

మంచి జవాబే. శంకర్ బండి ఆపి దిగే తీరు కళ్లముందు కదిలింది. ఇరవై రెండేళ్లు పరాయి పిల్లల ఒళ్లు చూపించి "ఇంకొక్కటి" అన్నాను. ఆమె చంకలోంచి హెల్మెట్ లాక్కున్నాను.

"ఇటియ్యి. ఆ ప్యాడ్లు విప్పు."

చైతన్య కంగారుపడ్డాడు. "మేడమ్, మీకు యాభై రెండేళ్లండి!"

"నిండలే ఇంకా. భుజాలకు ఇంత దూది కట్టినంక వయసు ఎవనికి కనపడ్తది? నేను సుత కట్టెపుల్లనే."

భారతి కళ్లలో నీళ్లు. "మేడమ్, మిమ్మల్ని ఎట్ల కొడ్త నేను?"

"ప్రాక్టీసుల నేను నిన్ను కొట్టలేదా? గది యాద్ చేస్కొని కొట్టు."

హెల్మెట్ లోపల నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. జాలిలోంచి పచ్చగుడ్డలు, వాటి మీదుగా వర్క్‌షాపు రేకుల కప్పు కనపడ్డాయి. పిల్లలతో పాటు గీత దాటాను, బంతి అందుకుని పరుగెత్తాను. ఆ పదిహేను అడుగులూ నిజం చెప్పాలంటే హాయిగా ఉన్నాయి. తర్వాత భారతి వచ్చి పడింది. వర్క్‌షాపు కప్పే కూలి మీద పడిందనుకున్నాను. గడ్డం ఛాతీకి ఆనించాను, చెయ్యి ఆనించలేదు, ఊపిరి వదిలాను. బంతి వదల్లేదు. అన్నీ సరిగ్గానే చేశాను. మన ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుట్టిన ప్యాడే పక్కకు జరిగింది. ఎడమ భుజం దగ్గర టక్కుమని చిన్న చప్పుడు, అగ్గిపుల్ల విరిచినట్టు.

"అద్భుతం! మేడమ్, ఇంకొక్క..." అని చైతన్య మొదలుపెట్టాడు. స్రవంతి వెళ్లి కెమెరాకు అడ్డంగా నిలబడింది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమే. దారంతా తిట్టింది.

"నన్ను అడిగినవా మేడమ్? నా భుజం నాది, నా సోమవారం నాది. నువ్వెవరు మధ్యల?"

"మీ అమ్మకు మాటిచ్చిన."

"అమ్మకిచ్చినవ్. నాకేమిచ్చినవ్?"

కాలర్ బోన్ విరిగిందన్నారు. అతికింది గాని ఎడమ చెయ్యి తలపైకి లేవదు. చెయ్యెత్తలేని మనిషి బంతి విసరడం ఏం నేర్పుతుంది? మానేశాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇక్కడ సూటిగా చెబుతున్నాను. స్రవంతి అన్నది న్యాయమే. నేను దర్శకుడితో మాట్లాడాను, వాళ్లమ్మతో మాట్లాడాను, ఆమెను మాత్రం అడగలేదు. మీరు తెచ్చిన పిల్లల ఒంటికి కాపలా మీరే. కానీ ముందు వాళ్లను అడగండి. వాళ్లు తప్పు జవాబు చెబితే అప్పుడు పోట్లాడండి, అవసరమైతే హెల్మెట్ లాక్కోండి. న్యాయం ఆమెదని ఒప్పుకుంటూనే చెబుతున్నాను, ఆ శనివారం మళ్లీ వస్తే నేను మళ్లీ లాక్కుంటాను.

సోమవారం స్రవంతి ట్రయల్స్‌కు వెళ్లింది. లిస్టులో మొదట రిజర్వులో ఉంది. పైవాళ్లలో ఒకమ్మాయి తప్పుకోవడంతో పేరు వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు ఆట. అది నా భుజం వల్ల వచ్చిందని ఎక్కడా అనను. ఆమె రైడ్ వల్ల వచ్చింది. నేను ఒక్కరోజు అడ్డం నిలబడ్డాను, అంతే.

ఆదివారం

సినిమా థియేటర్లో మూడు వారాలు ఆడింది. అంజమ్మ వాళ్లకు వెళ్లడం కుదరలేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో వేశారు. అంజమ్మ ఫోన్ చేసి రమ్మంది. సీతాఫల్‌మండిలో వాళ్ల ముందుగది చిన్నది, గల్లీ సగం అందులోనే ఉంది. నాకొక్కదానికే కుర్చీ వేశారు. స్రవంతి నా పక్కన నేల మీద కూర్చుంది.

ఆ షాట్ వచ్చింది. గీత దాటారు, ఎవరూ వంగలేదు. ఏడో నంబరు చొక్కా వేసుకున్న మనిషి బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తింది.

"అగో! అగో మన స్రవంతి!" అని గది అదిరిపోయేలా అరిచారు. ఈలలు వేశారు. ఎవరో పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. భారతి వచ్చి పడగానే అందరూ ఒక్కసారి "హమ్మో" అన్నారు.

నేను స్రవంతి వైపు చూశాను. ఆమె టీవీ వైపే చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

అంజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏం మేడమ్, ఒక్కరు సుత పడగొట్టరంటివి. మాటంటివి. గట్ల గుద్దిపిస్తరా పిల్లను? ఎల్లుండి ట్రయల్స్ పెట్టుకొని? నువ్వేమో గ్రౌండు మెట్ల మీద జారి బొక్క ఇరగ్గొట్టుకుంటివి, ఇది ఇంటికొచ్చి ఏం కాలేదమ్మా అనె. నాకు ఇయ్యాల తెల్సె!"

నేను ఏ మెట్ల మీదా జారలేదు, అది స్రవంతి ఇంట్లో చెప్పిన కథ. మా ఇంట్లో, మా స్కూల్లో, సినిమావాళ్లలో నా నోటికి ఎదురు చెప్పి గెలిచినవాళ్లు లేరు. అక్కడ గదినిండా జనం, అందరూ నా వైపే చూస్తున్నారు.

"తప్పయింది అంజమ్మా," అన్నాను.

"తప్పయిందంటే అయిపాయెనా?" అని ఆమె మళ్లీ అందుకుంది. ఇంకా చాలాసేపు తిట్టింది, కమర్షియల్ బ్రేక్ మొత్తం. ఆ మధ్యలో స్రవంతి లేచి లోపలికి వెళ్లింది. ఒక దిండు తెచ్చి, ఎవరినీ చూడకుండా, నా ఎడమ భుజం వెనక పెట్టి సర్దింది.